మిరపకు వైరస్, మందుకు ‘నానో’: ఏది ఎక్కడ పనిచేస్తుంది?

పోయిన నెల మా బాబాయ్ ప్రత్తిపాడు దగ్గర పొలం నుంచి గుంటూరు వస్తూ రెండు వస్తువులు పట్టుకొచ్చాడు. ఒకటి తడిగుడ్డలో చుట్టిన మిరప కొమ్మ. రెండోది పావు లీటరు సీసా. సీసా మీద పెద్దక్షరాలతో ‘నానో’ అని, దాని కింద చిన్నక్షరాలతో ‘వైరస్ నివారణకు’ అని ఉంది.

“ఏరా అబ్బాయ్, ఇది కొడితే వైరస్ పోద్దంట. నిజమేనా?” అన్నాడు.

సీసా 900 రూపాయలు. ఎకరాకు రెండు సీసాలు, పదిహేను రోజుల తేడాతో మూడుసార్లు కొట్టమన్నారట. అంటే ఎకరాకు 5,400 రూపాయలు, కూలీ ఖర్చు కాక. కౌలు కట్టి మిరప వేసే మనిషికి అది చిన్న మొత్తమేమీ కాదు.

నేను చదివింది బయోటెక్నాలజీ. అయినా బాబాయ్‌కి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయాను. ఆ ఒక్క ప్రశ్నలో నాలుగు ప్రశ్నలు చుట్టుకుని ఉన్నాయి. మొక్కకు వచ్చింది వైరసేనా? వైరస్ అయితే ఏ వైరస్? నానో అంటే సీసాలో ఉన్నదేమిటి? అది వైరస్‌ని ఎక్కడ, ఎలా అడ్డుకుంటుంది? ఒక్కొక్క ముడే విప్పుకుంటూ వస్తేనే సంగతి తెలుస్తుంది.

ముడత పడిన ప్రతి ఆకూ వైరస్ కాదు

మన వైపు ఆకు ముడుచుకుంటే చాలు ‘వైరస్ తగిలింది’ అంటాం. మిరపలో ఆకు ముడవడానికి కనీసం మూడు వేర్వేరు కారణాలున్నాయి. తామర పురుగులు ఆకును గీకి రసం పీలిస్తే అంచులు పైకి లేచి ఆకు పడవలా అవుతుంది. ఇది పై ముడత. తెల్లనల్లి పడితే ఆకు తిరగేసిన పడవలా కిందికి ముడుచుకుంటుంది, కాడ సాగుతుంది. ఇది కింది ముడత. ఈ రెండూ పురుగు, నల్లి నేరుగా చేసే నష్టం.

మూడోది జెమినీ వైరస్, అంటే బొబ్బర తెగులు. ఆకులు చిన్నవవుతాయి, ఈనెలు ఉబ్బుతాయి, ఈనెల మధ్య పసుపు తిరుగుతుంది, మొక్క గిడసబారిపోతుంది. దీన్ని మోసేది తెల్లదోమ. డెల్టాలో మినుముకు వచ్చే పల్లాకు తెగులు కూడా ఈ కుటుంబపు వైరస్ పనే, దాన్ని మోసేదీ తెల్లదోమే. ఇవి కాక మిరపకు పేనుబంక మోసే కుకుంబర్ మొజాయిక్ వైరస్, తామర పురుగు మోసే మొవ్వుకుళ్ళు వైరస్ వేరే ఉన్నాయి.

2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం వైపు తోటలు ఎలా పోయాయో చూసినవాళ్ళు మర్చిపోలేరు. ఆ పురుగు పూలలో చేరి పూత రాల్చేసింది. మా ఊళ్లో కొందరు మొదట్లో దాన్ని కూడా వైరస్ అనే పిలిచారు. పేరు తప్పయితే కొట్టే మందూ తప్పవుతుంది. ఆ ఏడు ఖర్చు ఎంత పెరిగిందో అప్పు తెచ్చినవాళ్ళకే తెలుసు.

బాబాయ్ తెచ్చిన కొమ్మలో కింది ఆకులు పైకి ముడిచి ఉన్నాయి. భూతద్దం పెడితే తామర పురుగు పిల్లలు కనిపించాయి. చివరి చిగురు మాత్రం చిన్నగా, పసుపు తిరిగి, ఈనెలు ఉబ్బి ఉంది. ఒకే కొమ్మ మీద రెండు బాధలు. పొలంలో చాలాసార్లు ఇలాగే ఉంటుంది.

మిరప గింజను కొలబద్దగా పెట్టుకుంటే

మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక నానోమీటరు. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే రేణువుల్ని నానో రేణువులు అంటారు. ఈ అంకెలు మనసులో బొమ్మ కట్టవు కాబట్టి అన్నిటినీ లక్ష రెట్లు పెంచి చూద్దాం.

జెమినీ వైరస్ పొడవు సుమారు 30 నానోమీటర్లు. రెండు బంతులు అంటుకున్నట్టు జంటగా ఉంటుంది. జెమినీ అంటే మిథునమే, ఆ పేరు అందుకే వచ్చింది. లక్ష రెట్లు పెంచితే ఇది 3 మిల్లీమీటర్లు, ఒక మిరప గింజంత. అదే లెక్కన తల వెంట్రుక మందం దాదాపు 8 మీటర్లు. ఒక మొక్క కణం పెద్ద గదంత. తెల్లదోమ సుమారు 100 మీటర్ల పొడవున్న జంతువు. 1.2 సెంటీమీటర్ల ఆకు ముక్క విజయవాడ ప్రకాశం బ్యారేజీ అంత పొడవు.

మొక్క కణానికి చుట్టూ గట్టి గోడ ఉంటుంది. అందులోని సందులు మామూలుగా 5 నుంచి 20 నానోమీటర్లు. మన కొలతలో అర మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడ. 3 మిల్లీమీటర్ల మిరప గింజ ఆ జల్లెడలోంచి జారదు. జెమినీ వైరస్ గాలికి వచ్చి ఆకు మీద పడి లోపలికి దూరలేదు. తెల్లదోమ తన సూది నోటిని ఆహారాన్ని మోసే నాళం దాకా దించి నేరుగా లోపల వదలాలి. ఒకసారి లోపలికి చేరాక, కణానికీ కణానికీ మధ్య ఉన్న సన్నని దారుల్ని వైరస్ తన ప్రోటీన్లతో తనకు అనువుగా మార్చుకుని పాకుతుంది.

ఈ జల్లెడను గుర్తు పెట్టుకోండి. నానో మందుల కథ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. వైరస్‌కి అడ్డుపడిన గోడ మందుకీ అడ్డుపడుతుంది.

సోకిన మొక్కను బాగుచేసే మందు ఎందుకు లేదు

శిలీంద్రం వేరే జీవి. దానికి సొంత శరీరం ఉంది, దాన్ని చంపే మందు ఉంటుంది. వైరస్‌కి సొంత యంత్రాంగం ఏదీ లేదు. జెమినీ వైరస్ జన్యు సమాచారం మొత్తం సుమారు 2,700 అక్షరాలు, ఈ వ్యాసంలో నాలుగైదు పేరాలకు సరిపోయేంత. ఆ కాగితాన్ని మొక్క కణం చేతిలో పెట్టి, మొక్క చేతే తన ప్రతులు తీయించుకుంటుంది. వైరస్‌ని ఆపాలంటే ఆ అచ్చు యంత్రాన్ని ఆపాలి. అది మొక్క సొంత యంత్రం, ఆపితే మొక్కే పోతుంది. అందుకే ఇప్పటివరకు వ్యవసాయంలో వైరస్‌ల మీద పోరు అంతా అది మొక్కలోకి రాకుండా చూడటం మీదే నడిచింది. తట్టుకునే రకాలు, వల కింద పెంచిన నారు, పొలం చుట్టూ జొన్న వరసలు, పసుపు జిగురు అట్టలు, సోకిన మొక్కను తొలిదశలోనే పీకేయడం అన్నీ ఆ కోవలోవే.

మరి దోమను చంపితే చాలదా? ఇక్కడ గడియారం అడ్డొస్తుంది. పేనుబంక కుకుంబర్ మొజాయిక్ వైరస్‌ని అంటించడానికి కొన్ని సెకన్లు, మహా అయితే ఒకట్రెండు నిమిషాలు చాలు. తెల్లదోమ జెమినీని అంటించడానికి కొన్ని నిమిషాల నుంచి అరగంట వరకు రసం పీల్చాలి. ఒకసారి వైరస్‌ని ఎక్కించుకున్న తెల్లదోమ చాలావరకు బతికినన్నాళ్ళూ మోస్తూనే ఉంటుంది. పక్క పొలం నుంచి వచ్చి వాలిన దోమ మనం కొట్టిన మందుకు చచ్చేలోపే సూది దించేసి ఉండొచ్చు. పురుగుమందు దోమల సంఖ్యను తగ్గిస్తుంది, నిజమే. వరసగా అదే మందు కొడితే దోమ దానికి అలవాటు పడుతుంది, అదీ నిజమే.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి. లోకంలో మొట్టమొదట కనుక్కున్న వైరస్ పొగాకుది. 1892లో ఇవనోవ్‌స్కీ, 1898లో బైజరింక్ మొజాయిక్ సోకిన పొగాకు రసాన్ని బ్యాక్టీరియా దాటలేని వడపోతలో పోసి, వడగట్టిన రసం కూడా తెగులు అంటిస్తోందని చూపించారు. 1935లో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా తీశాడు, 1946లో నోబెల్ అందుకున్నాడు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న గుంటూరులో కూర్చుని ఈ చరిత్ర చదివితే అది పరాయి కథలా అనిపించదు. 18 నానోమీటర్ల లావు, 300 నానోమీటర్ల పొడవున్న ఆ కడ్డీ ఇవాళ్టికీ నానో మందుల ప్రయోగాల్లో ఎక్కువగా వాడే వైరస్.

ఎర్ర గీత: అందరికంటే ముందు చేతికొచ్చిన నానో

నానో అనగానే స్ప్రే సీసా గుర్తొస్తోంది గానీ, ఇప్పటికి బాగా నిరూపణ అయింది రోగ నిర్ధారణలో. కోవిడ్ సమయంలో ఇంట్లో చేసుకున్న పరీక్ష పట్టీ గుర్తుందా? అందులో కనిపించిన ఎర్ర గీత బంగారు నానో రేణువులది. బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల రేణువులుగా చేస్తే దాని పసుపు మెరుపు పోయి ఎర్రగా కనిపిస్తుంది. ఆ రేణువుకు ఫలానా వైరస్‌ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీని అంటిస్తారు. ఆకు నూరిన రసంలో వైరస్ ఉంటే అది బంగారు రేణువుల్ని మోసుకుంటూ పట్టీ మీద పాకి, ఒక చోట ఆగి గీతగా పేరుకుంటుంది. లేకపోతే ఆ గీత రాదు. రెండో గీత పట్టీ సరిగ్గా పనిచేసిందని చెప్పడానికి.

బాబాయ్ కొమ్మనే తీసుకుందాం. కుకుంబర్ మొజాయిక్ పట్టీ మీద ఒకే గీత వచ్చిందనుకోండి. ఆ రసంలో పట్టీకి అందేంత కుకుంబర్ మొజాయిక్ లేదని అర్థం. వేరే వైరస్ లేదని కాదు. ఒక పట్టీ ఒక ప్రశ్నకే జవాబు చెబుతుంది. జెమినీ విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. ఆ కుటుంబంలో ఒకదానికొకటి పోలిన వైరస్‌లు చాలా ఉన్నాయి. యాంటీబాడీకి ఇంటిపేరు దొరుకుతుంది గానీ మనిషి పేరు దొరకదు. పక్కాగా తెలియాలంటే వైరస్ జన్యు సమాచారం రాసి ఉండే డీఎన్‌ఏనే వెతికి పట్టే పీసీఆర్ లాంటి పరీక్ష కావాలి. ఆ పరీక్షనే పట్టీ రూపంలోకి, పొలం గట్టు మీదికి తేవడానికి ఇప్పుడు గట్టి ప్రయత్నాలు జరుగుతున్నాయి.

నా మట్టుకు నాకు, మన రైతుకు నానో వల్ల ముందుగా అందాల్సిన మేలు ఇదే అనిపిస్తుంది. నారుమడిలోనే సోకిన మొక్కను పట్టుకోగలిగితే, తర్వాత కొట్టే సగం మందుల ఊసే ఉండదు.

వెండి, జింకు, రొయ్య పెంకు

స్ప్రేగా వచ్చే నానోలో ఒక గుంపు లోహాలది. వెండి, జింక్ ఆక్సైడ్, ఐరన్ ఆక్సైడ్, వీటికి తోడు సిలికా. ప్రయోగశాల ఫలితాలు చూస్తే ఆశ పుడుతుంది. వెండి రేణువులు వైరస్ ప్రోటీన్ తొడుగుకు అతుక్కుని దాన్ని పనికిరాకుండా చేసిన దాఖలాలు ఉన్నాయి. జింక్ ఆక్సైడ్, సిలికా, ఐరన్ ఆక్సైడ్ రేణువులు చల్లిన పొగాకు జాతి మొక్కల్లో మొజాయిక్ వైరస్ తగ్గినట్టు, మొక్క రక్షణ వ్యవస్థ మేల్కొన్నట్టు పరిశోధనలు చూపించాయి.

అయితే ఆ ప్రయోగం ఎలా చేశారన్నది చూడాలి. చాలా వాటిలో వైరస్ రసాన్ని నానో రేణువులతో ముందే ఒక గొట్టంలో కలిపి, ఆ తర్వాత ఆకు మీద రుద్దుతారు. లేదా ముందు రేణువులు చల్లి తర్వాత వైరస్ రుద్దుతారు. రెండింటిలోనూ వైరస్, రేణువు ఆకు పైభాగంలో ముఖాముఖి కలుస్తాయి. మిరప తోటలో తెల్లదోమ వైరస్‌ని ఆకు మీద పెట్టదు, సూదితో నాళంలో దించుతుంది. ఆకు పైన ఉన్న వెండి రేణువుకు ఆ వైరస్ ఎదురుపడే సందే లేదు. గొట్టంలో నూటికి తొంభై పాళ్ళు పనిచేసింది తోటలో ఎందుకు పనిచేయదో అడిగితే, సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇంకో తికమక జింకుది. జింకు మొక్కకు పోషకం. లోపం ఉన్న నేలలో జింకు చల్లితే, నానో అయినా మామూలుదైనా, మొక్క పచ్చబడుతుంది. రైతు కంటికి అది ‘వైరస్ నుంచి తేరుకున్నట్టు’ కనిపిస్తుంది. వైరస్ మాత్రం లోపల అలాగే ఉండొచ్చు. తేడా తెలుసుకోవడానికి ఒకటే దారి, పక్కనే కొట్టని వరసలు వదలడం. ఉదాహరణకు మందు కొట్టిన 100 మొక్కల్లో నెల తర్వాత కొత్తగా 8 మొక్కలకు తెగులు వచ్చిందనుకుందాం. పక్కన కొట్టని 100 మొక్కల్లో 30కి వస్తే మందు పనిచేసిందనడానికి ఆధారం ఉంది. కొట్టని వాటిలో కూడా 9కే వస్తే ఆ నెల వాతావరణం మారి దోమ తగ్గిందేమో. కొట్టని వరసలు వదలకపోతే ఈ రెండు కథలూ ఒకేలా కనిపిస్తాయి. సీసా మీద విజయగాథలు చెప్పేవాళ్ళను ‘కొట్టని వరసలో ఎంత?’ అని అడిగితే చాలా సంగతులు తేలతాయి.

రొయ్య పెంకు దారి వేరు. రొయ్యల్లో దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. ఆ పెంకుల్లోని కైటిన్ నుంచి కైటోసాన్ తీస్తారు. శిలీంద్రాల కణ గోడల్లోనూ కైటిన్ ఉంటుంది. అందుకని మొక్కకు కైటోసాన్ తగలగానే శిలీంద్రం మీద పడిందనుకుని తన రక్షణను లేపుకుంటుంది. ఆ మెలకువ కొంతవరకు వైరస్‌కీ అడ్డొస్తుంది. నానో రూపంలో చేస్తే ఇది ఆకుకు బాగా పట్టుకుంటుందని, ఇంకో మందును మోసే సంచిగా కూడా పనికొస్తుందని ఆశ. చిక్కేమిటంటే, రక్షణకు పెట్టిన శక్తి పెరుగుదలకు తగ్గుతుంది, మెలకువ ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది పంటనూ వాతావరణాన్నీ బట్టి మారుతుంది. టీకాలా ఒకసారి వేస్తే గుర్తుండిపోయే వ్యవస్థ మొక్కకు మనలా లేదు.

పూతరేకుల్లాంటి మట్టి, మధ్యలో ఆర్‌ఎన్‌ఏ

శాస్త్రవేత్తలు ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది ఈ దారి మీద. దీనికి ముందు మొక్క సొంత తెలివి ఒకటి తెలుసుకోవాలి.

మామూలుగా కణంలో ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యు సమాచారపు నకలు, ఒంటి పేటగా ఉంటుంది. చాలా వైరస్‌లు ప్రతులు తీసుకునేటప్పుడు రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. కణానికి అది దొంగ చొరబడ్డ ఆనవాలు. వెంటనే దాన్ని 21 నుంచి 24 అక్షరాల చిన్న ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కల్ని చేతిలో పట్టుకుని కణమంతా వెతుకుతుంది. ఆ అక్షరాలతో సరిపోలే ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ కనిపించినా నరికేస్తుంది. జంతువుల్లో ఇలాంటి పద్ధతినే 1998లో వివరించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ వచ్చింది. హవాయిలో బొప్పాయి తోటల్ని రింగ్‌స్పాట్ వైరస్ తుడిచిపెడుతున్నప్పుడు 1998లో రైతులకు అందిన జన్యుమార్పిడి బొప్పాయి కూడా ఈ సూత్రం మీదే నిలబడింది.

మరి జన్యువులు మార్చకుండా, వైరస్‌తో సరిపోలే రెండు పేటల ఆర్‌ఎన్‌ఏని బయట తయారుచేసి ఆకు మీద చల్లితే? మొక్కకు దొంగ ఆనవాలు ముందే అందుతుంది. పనిచేసింది కూడా. కానీ ఎండకు, వానకు, ఆకు మీది ఎంజైములకు ఆర్‌ఎన్‌ఏ నిలవదు. ఉత్తిగా చల్లితే రక్షణ వారం రోజులు దాటడం కష్టం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో నీనా మిట్టర్ బృందం 2017లో దీనికొక ఉపాయం ప్రచురించింది. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌లతో పలచని పొరలున్న మట్టి లాంటి పదార్థాన్ని చేశారు. ఆత్రేయపురం పూతరేకు గుర్తు తెచ్చుకోండి. పలచని రేకులు, మధ్యలో చక్కెర పొడి. ఇక్కడ రేకులకు ధనావేశం, ఆర్‌ఎన్‌ఏకి రుణావేశం. అందుకని ఆర్‌ఎన్‌ఏ ఆ రేకుల మధ్య అంటుకుని ఉంటుంది. వాన కడగలేదు, ఎండ తొందరగా చెరపలేదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్, ఆకు మీది తేమ కలిసి ఆ రేకుల్ని నెమ్మదిగా కరిగిస్తాయి. కరిగే కొద్దీ ఆర్‌ఎన్‌ఏ కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. దీనికి వాళ్ళు బయోక్లే అని పేరు పెట్టారు.

మన మిరప గింజ కొలతలో ఈ రేకులు 8 మిల్లీమీటర్ల నుంచి 3 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. అంత వెడల్పు రేకు జల్లెడలోంచి లోపలికి పోదు, పోనక్కర్లేదు కూడా. రేకు బయట కాపలా ఉండి కరిగిపోతుంది. లోపలికి వెళ్ళేది 2 నానోమీటర్ల లావున్న ఆర్‌ఎన్‌ఏ దారం మాత్రమే, అంటే మన కొలతలో 0.2 మిల్లీమీటర్ల నూలుపోగు. ఇక్కడ నానో రేణువు చేసే పని మోయడం, దాచడం, మెల్లగా వదలడం. మందు అనదగ్గది ఆర్‌ఎన్‌ఏలోని అక్షరాల వరస.

ఫలితం ఏమిటంటే, ఒక్కసారి చల్లితే కనీసం 20 రోజుల పాటు వైరస్ నుంచి రక్షణ కనిపించింది. చల్లిన ఆకుల మీద 30 రోజులకు కూడా ఆర్‌ఎన్‌ఏ దొరికింది. చల్లాక కొత్తగా వచ్చిన ఆకులకూ రక్షణ అందింది. 2022లో అదే విశ్వవిద్యాలయం వాళ్ళు ఇదే మట్టితో తెల్లదోమకు అవసరమైన జన్యువుల్ని నొక్కే ఆర్‌ఎన్‌ఏని పంపి, దోమ సంఖ్య తగ్గించగలిగారు. ఇది నాకు ఇంకా ఎక్కువ ఆశ కలిగించిన వార్త. దోమ తగ్గితే అది మోసే వైరస్ ఏ రకమైనా దాని వ్యాప్తి తగ్గుతుంది.

గుంటూరు మిరప దగ్గరికి వచ్చేసరికి

2017 ప్రయోగంలో పరీక్షించిన కుకుంబర్ మొజాయిక్, పెప్పర్ మైల్డ్ మాటిల్ అనే రెండు వైరస్‌లూ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు. వాటి జన్యు పదార్థమే ఆర్‌ఎన్‌ఏ కాబట్టి కణం కత్తెర నేరుగా దాన్నే నరుకుతుంది. జెమినీది డీఎన్‌ఏ. కత్తెర దాని అసలు కాగితాన్ని ముట్టుకోలేదు, దాన్నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ నకళ్ళను మాత్రమే నరకగలదు. అసలు కాగితం మిగిలే ఉంటుంది. దీనికి తోడు మిరపలో జెమినీతో పాటు తరచుగా బీటా శాటిలైట్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్క తిరుగుతుంది. అది చేసే ప్రోటీన్ ఈ కత్తెరకే అడ్డుపడుతుంది. అంటే ఆ ప్రయోగంలో వచ్చిన ఫలితాన్ని మన తేజ రకం మిరప తోటకు అలాగే అన్వయించలేం. మొవ్వుకుళ్ళు వైరస్ ఆర్‌ఎన్‌ఏదే, అక్కడ దారి కొంచెం సులువు కావచ్చు.

అక్షరాల వరస సరిపోలడమే ఈ మందు ప్రాణం అన్నాం. అదే దాని బలహీనత కూడా. తోటలో వైరస్ రకాలు మారినా, రెండు మూడు కలిసి వచ్చినా, ఒక వరసకు చేసిన ఆర్‌ఎన్‌ఏ మిగతావాటిని పట్టుకోలేకపోవచ్చు. ముందు చెప్పిన పరీక్ష పట్టీ అవసరం ఇక్కడ మళ్ళీ వస్తుంది. ఏ వైరసో తెలియకుండా ఏ ఆర్‌ఎన్‌ఏ చల్లాలో తెలియదు.

ఖర్చు లెక్క ఒకటి వేద్దాం. ఆగస్టు, సెప్టెంబరుల్లో నాటిన మిరప చివరి కోత దాకా సుమారు 180 రోజులు పొలంలో ఉంటుందనుకుంటే, 20 రోజులకొకసారి చొప్పున తొమ్మిది స్ప్రేలు. నాటిన మొదటి రెండు నెలల్లో సోకిన తెగులే దిగుబడిని ఎక్కువ దెబ్బతీస్తుంది కాబట్టి ఆ 60 రోజులు కాపాడితే చాలనుకుంటే మూడు స్ప్రేలు. ఈ రెండు లెక్కల్లో ఏది నిజమవుతుందో దాన్ని బట్టే ఇది చిన్న రైతుకు అందేదో కాదో తేలుతుంది. ఒకప్పుడు గ్రాము రెండు పేటల ఆర్‌ఎన్‌ఏకి వేల డాలర్లు అయ్యేది, సూక్ష్మజీవుల సాయంతో, కణాలు లేకుండా తయారుచేసే పద్ధతులు వచ్చాక బాగా దిగింది. అమెరికాలో 2023 డిసెంబరులో బంగాళాదుంప పెంకుపురుగు మీద చల్లే ఆర్‌ఎన్‌ఏ మందుకు అనుమతి వచ్చింది. అది పురుగు మందు, వైరస్‌ది కాదు. అయినా ఆర్‌ఎన్‌ఏని పొలంలో చల్లే స్థాయికి చవగ్గా చేయవచ్చని అది చూపించింది.

ఆశపడేవాళ్ళు, అనుమానించేవాళ్ళు

నానోను సమర్థించే శాస్త్రవేత్తల వాదనలో బలం ఉంది. ఇప్పుడు కొడుతున్న పురుగుమందులో చాలా భాగం నేల మీద, కాలవలో, కొట్టే మనిషి ఒంటి మీద పడుతోంది. మోతాదు తగ్గి, ఆకుకు అంటిపెట్టుకుని, మెల్లగా విడుదలయ్యే మందు వస్తే ఆ భారం తగ్గుతుంది. ఆర్‌ఎన్‌ఏ అయితే మనం తినే ప్రతి కూరలోనూ ఉన్న పదార్థమే, నేలలో తొందరగా కరిగిపోతుంది.

అనుమానించేవాళ్ళు అడిగేవీ తీసేయదగ్గ ప్రశ్నలు కావు. వెండి రేణువు కరిగిపోయే ఆర్‌ఎన్‌ఏ లాంటిది కాదు. సూక్ష్మజీవుల్ని చంపే గుణమే దాని గొప్ప, నేలలో మేలు చేసే సూక్ష్మజీవుల్ని కూడా అది అలాగే చూస్తుంది. కాలవల్లోకి, చెరువుల్లోకి చేరితే చేపల సంగతేమిటి? ఎండబెట్టిన కాయలో ఎంత మిగులుతుంది? గుంటూరు యార్డు నుంచి కాయ విదేశాలకు పోతుంది కాబట్టి ఈ ప్రశ్నకు ధర కూడా ఉంది. ‘నానో’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టి మంచిదనో చెడ్డదనో అనడం వల్ల ఈ తేడాలన్నీ కప్పబడిపోతాయి.

నానో యూరియా చుట్టూ జరిగిన వాదన ఇక్కడ పనికొస్తుంది. 2021లో వచ్చిన అర లీటరు సీసా 45 కిలోల బస్తాకు సాటి అన్నారు. సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోలు. వెయ్యి రెట్లకు పైగా తేడా. ఆకు ద్వారా నేరుగా అందుతుంది కాబట్టి తక్కువే చాలని, తమ క్షేత్ర పరీక్షల్లో దిగుబడి తగ్గలేదని తయారీదారులు చెబుతారు. మామూలు యూరియాలో కోత పెట్టి దీన్ని చల్లితే గోధుమ, వరి దిగుబడి తగ్గిందని లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రయోగాల్లో తేలింది. రేణువు చిన్నదైతే చొరవ పెరగవచ్చు. 20 గ్రాములు మాత్రం 20 గ్రాములే.

సీసా మీద రాసి ఉండాల్సినవి

మన దేశంలో వ్యవసాయంలో వాడే నానో ఉత్పత్తుల్ని ఎలా పరీక్షించాలో 2020 జులైలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తెగులును, పురుగును అదుపు చేస్తుందని చెప్పే ఏ మందైనా 1968 నాటి పురుగుమందుల చట్టం కింద నమోదు కావాలి, ఆ నంబరు సీసా మీద ఉండాలి. పెరుగుదలకు సాయపడే బయో స్టిమ్యులెంట్లను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. ఆ ఉత్తర్వులోని నిర్వచనంలోనే పురుగుమందులు వీటి కిందికి రావని ఉంది. మన వైపు ‘బయోలు’ అని పిలిచే సీసాల్లో చాలావాటి మీద ఈ గీత చెరిగిపోయి ఉంటుంది. పెరుగుదల మందుగా అమ్ముతారు, నోటితో తెగులు మందు అని చెబుతారు.

బాబాయ్ సీసాను అటూ ఇటూ తిప్పి చదివాం. ఏ పదార్థం ఎంత శాతమో లేదు. రేణువు సైజు లేదు. నమోదు నంబరు లేదు. ఏ పంటలో ఏ వైరస్ మీద అన్నది లేదు. ‘నానో’ అన్న మాట మాత్రం మూడు చోట్ల ఉంది.

“మరి ఈ చిగురు సంగతేంటి?” అన్నాడు. పసుపు తిరిగిన ఆ చిగురును, కింద పైకి ముడిచిన ఆకుల్ని విడివిడిగా కాగితంలో చుట్టి, గుంటూరు దగ్గర లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలకు చూపిద్దామని అనుకున్నాం. సాయంత్రం బస్సుకు వెళ్తూ సీసా సీలు తీయకుండానే షాపులో తిరిగి ఇచ్చేశాడు. డబ్బు చేతికి ఇవ్వలేదట, ఖాతాలో రాసుకున్నారట. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, తోటలో అలాంటి చిగుర్లున్న మొక్కలు పదకొండు లెక్కపెట్టానని, అన్నీ పడమటి గట్టు పక్క వరసల్లోనే ఉన్నాయని చెప్పాడు.